యోమ్ షేని అంటే మంగళవారం కాదు

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. జీఎన్ఎం నర్సింగ్ కోర్సు పూర్తిచేసి, ఇజ్రాయెల్‌లో వృద్ధులను చూసుకునే కేర్‌గివర్ ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నాను. హీబ్రూ కొంత నేర్చుకుని వెళ్లమంటున్నారు. చేతిలో రెండు నెలలే ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: కాలానికి సంబంధించిన మాటలతో మొదలుపెట్టండి. పలకరింపులు అక్కడికి వెళ్లిన కొద్ది రోజుల్లోనే నోటికి వస్తాయి. కానీ మందు ఏ పూట వేయాలో, ఆసుపత్రికి ఏ రోజు తీసుకెళ్లాలో మీరు పొరబడితే ఆ నష్టం మీ చేతుల్లో ఉన్న పెద్దవారికి జరుగుతుంది.

మన వారాలకు గ్రహాల పేర్లుంటే హీబ్రూలో వరుస సంఖ్యలే పేర్లు. శనివారం ఒక్కటే షబ్బాత్, అంటే యూదుల విశ్రాంతి దినం. లెక్క ఆదివారం నుంచి మొదలవుతుంది కనుక యోమ్ రిషోన్, అంటే మొదటి రోజు, ఆదివారం. యోమ్ షేని సోమవారం. యోమ్ ఖమిషి గురువారం. వారాన్ని సోమవారంతో మొదలుపెట్టే అలవాటున్నవారు 'షేని' అంటే రెండోది కదా అని మంగళవారం అనుకునే ప్రమాదం ఉంది. షబ్బాత్ శుక్రవారం సూర్యాస్తమయంతోనే మొదలవుతుంది. అప్పటి నుంచి శనివారం చీకటి పడేవరకు చాలా ఊళ్లలో బస్సులు నడవవు కాబట్టి మీ సెలవు రోజు ప్రయాణానికీ ఇది తెలిసి ఉండాలి.

గడియారం చెప్పే పద్ధతి మాత్రం మనకు దగ్గరగానే ఉంటుంది. షేష్ అంటే ఆరు. 'షేష్ వఖేత్సి' ఆరున్నర, 'షేష్ వరేవా' ఆరుంపావు, 'రేవా లె షేష్' పావు తక్కువ ఆరు. మన ఎల్లుండికి 'మొఖ్రొతాయిమ్', మొన్నకు 'షిల్షోమ్' అని అక్కడా ఒక్కొక్క మాటే ఉండటం నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

ఎక్కువ సాధన కావలసింది 'ఆయిమ్' అనే ప్రత్యయానికి. హీబ్రూలో కొన్ని కాలవాచకాలకు ఇది చేరితే 'రెండు' అనే అర్థం వస్తుంది: యోమ్ రోజు, యోమాయిమ్ రెండు రోజులు, షాఆ గంట, షఅతాయిమ్ రెండు గంటలు. అయితే 'ష్తాయిమ్' అంటే రెండు అనే సంఖ్య. 'బె ష్తాయిమ్' అంటే రెండు గంటలకు, 'బె ఓద్ షఅతాయిమ్' అంటే ఇంకో రెండు గంటల్లో. ఉదయం పదకొండుకు ఈ రెండో మాట విని మీరు మధ్యాహ్నం రెండుకు మాత్ర ఇస్తే గంట ఆలస్యమైనట్టే. ఈ జంటను వేగంగా పలికినా తేడా పట్టగలిగేవరకు రోజూ వినండి.

ఇక మందుల డబ్బా మీద బోకెర్ (ఉదయం), త్సొహొరాయిమ్ (మధ్యాహ్నం), ఎరెవ్ (సాయంత్రం), లైలా (రాత్రి) అని తెలుగు లిపిలో రాసి అతికించుకుని, 'లిఫ్నే హా ఓఖెల్', అంటే భోజనానికి ముందు, 'అఖరే హా ఓఖెల్', అంటే భోజనం తరవాత, అని పైకి అంటూ సాధన చేయండి. అక్కడ ఎవరైనా సమయం చెప్పినప్పుడు సందేహం ఉంటే 'మతాయ్?' (ఎప్పుడు?) అని మళ్లీ అడిగి, కాగితం మీద అంకెల్లో రాసి చూపించి, వారు అవునన్నాకే మాత్ర చేతిలోకి తీసుకోండి.