గొర్లు పెంచాలా, అప్పు పెంచాలా?

ప్రశ్న: తాతల నాటి నుంచి గొర్లే మా బతుకు. ఇప్పుడు 60 ఉన్నాయి. లోను తీసుకొని షెడ్డు వేసి 300 గొర్లను కట్టేసి మేపుదామని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. ఇంటిల్లిపాదీ చేసుకునే పద్ధతికి ఇక రోజులు చెల్లినట్టేనా?
– ఒక పెంపకందారు, పరకాల

జవాబు: చెల్లలేదు. లోను కాగితాల మీద సంతకం పెట్టే ముందు మేత లెక్క వేయండి. కట్టేసి మేపే పెద్ద గొర్రెకు రోజుకు సుమారు 4 కిలోల పచ్చిమేత, పావు కిలో దాణా కావాలి. 300 గొర్లకు 12 క్వింటాళ్ల మేత, 75 కిలోల దాణా. అదీ ప్రతి రోజూ, నడి ఎండాకాలంలో కూడా. బోరు ఎండితే మేత కొనాలి, కిస్తీ మాత్రం ఆగదు. మీ మంద ఇప్పుడు కోసిన మళ్లలో, చెరువు శిఖంలో (నీళ్లు తగ్గాక తేలే చెరువు నేలలో), గుట్టల మీద మేస్తోంది. పొలంలో రాత్రి మంద పెట్టించుకున్న రైతు ఆ ఎరువుకు మీకే ఎదురు డబ్బులిస్తాడు. షెడ్డు లెక్కల్లో ఈ రెండూ కనిపించవు.

పెరగొద్దని కాదు, మంద లోపలి నుంచే పెరగండి. 50 తల్లి గొర్లుంటే, ఏటా 40 పిల్లలు దక్కినా సగం ఆడవే. పళ్లు అరిగినవి, పొదుగు చెడినవి, ఈతలు తప్పుతున్నవి ఓ పది ఏరి అమ్మేసి ఆ ఆడపిల్లల్ని ఉంచుకుంటే ఏటా పది చొప్పున పెరుగుతాయి. సంతలో కొన్నవాటి వెంట పారుడు రోగం, మశూచి వస్తాయి. కొనక తప్పకపోతే 3 వారాలు వేరే దొడ్లో ఉంచాకే కలపండి. 2017 నాటి తెలంగాణ ప్రభుత్వ గొర్రెల పంపిణీ పథకంలో 20 గొర్లకు ఒక పొట్టేలు ఇచ్చారు, 25 దాకా ఇబ్బంది లేదు. అయితే రెండేళ్లకోసారి పొట్టేలును దూరపు మందతో మార్చుకోవాలి. లేదంటే తన కూతుళ్లనే దాటుతుంది, పిల్లలు బలహీనంగా పుడతాయి.

ఈనిన గంటలోపు ముర్రుపాలు తాగని పిల్లను, చొంగ కారుస్తూ వెనకబడిన గొర్రెను ముందుగా పసిగట్టేది మందలో పెరిగిన కన్నే. అంత నమ్మకంగా చూసే కూలిమనిషి దొరకడం కష్టం. మీ అబ్బాయికి టీకాల పుస్తకం, అమ్మకాల లెక్క అప్పగించండి. పొట్టేళ్లను చేతి అంచనాకు కాకుండా కాటా వేసి అమ్మమనండి. అతని ఉత్సాహానికి అక్కడ చాలా పని ఉంది.

ప్రశ్న: తొలకరి పడగానే బాగా బలిసిన పిల్లలే రాత్రికి రాత్రి చస్తున్నాయి. ఎందుకు?
– ఒక పాఠకుడు, వర్ధన్నపేట

జవాబు: చెప్పిన లక్షణాన్ని బట్టి చిటుకు రోగమే అనిపిస్తోంది. లేత గడ్డి ఆబగా తినగానే పేగుల్లోని సూక్ష్మజీవులు విపరీతంగా పెరిగి విషం వదులుతాయి. ఎక్కువ తినే బలమైన పిల్లే ముందు పోతుంది. మెడ వెనక్కి విరిచి కాళ్లు కొట్టుకుంటూ గంటల్లోనే చస్తుంది, వైద్యానికి సమయం ఉండదు. మే నెలలోనే టీకా వేయించండి. మొదటిసారి వేసే పిల్లలకు రెండు మూడు వారాలకు మళ్లీ వేయాలి. చాలామంది ఈ రెండోది వదిలేస్తారు, దెబ్బ తినేది అక్కడే. మందు సీసాను ఐసు డబ్బాలోనే తేవాలి, జేబులో వేసుకొని ఎండలో తెస్తే పనిచేయదు. కొత్త గడ్డికి తోలే ముందు కాస్త ఎండుమేత వేసి, మొదటి వారం కొద్దిసేపే మేపండి. చచ్చిన పిల్లను వెంటనే పశువైద్యశాలకు తీసుకెళ్లి కోయించి చూపిస్తే రోగం అదో కాదో తేలుతుంది.