సిమ్యులేషన్‌ని లీనియర్ ప్రోగ్రామ్‌గా రాయొచ్చా?

రాయొచ్చు, క్యూలో వరస మారనంత వరకు. లీనియర్ ప్రోగ్రామ్ అంటే కూడికలు, స్థిర సంఖ్యలతో గుణకారాలు మాత్రమే ఉండే షరతులకు లోబడి ఒక మొత్తాన్ని వీలైనంత తగ్గించే లేదా పెంచే లెక్క. ఒకే సర్వర్ ఉందనుకోండి: ఏ పనైనా మొదలవ్వాలంటే అది వచ్చి ఉండాలి, దాని ముందు పని అయిపోయి ఉండాలి, ఈ రెండిట్లో ఏది ఆలస్యమైతే దానికి సర్వీస్ సమయం కలిపితే ముగింపు సమయం వస్తుంది. దీన్ని రెండు ‘కనీసం ఇంత’ షరతులుగా విడగొట్టి, ముగింపు సమయాల మొత్తాన్ని మినిమైజ్ చేయమంటే చాలు, సాల్వర్ (ఈ లెక్క చేసే సాఫ్ట్‌వేర్) అచ్చం సిమ్యులేషన్ జవాబే ఇస్తుంది. పనులు 0, 2, 3 నిమిషాలకు వచ్చి ఒక్కోదానికి 4, 3, 2 నిమిషాలు పడితే ముగింపులు 4, 7, 9. అసలు మజా డ్యూయల్‌లో (ఒక్కో షరతు కాస్త మారితే జవాబు ఎంత మారుతుందో చెప్పే జంట లెక్కలో) ఉంది: మొదటి పనికి ఒక్క నిమిషం ఎక్కువ పడితే ముగింపు సమయాల మొత్తం 3 నిమిషాలు పెరుగుతుందని మళ్లీ రన్ చేయకుండానే చెప్పేస్తుంది. ర్యాండమ్ సమయాలైతే ముందే శాంపిల్ తీసి పెట్టుకోండి. అదే ఏ పని ముందో సాల్వరే తేల్చాలంటే మాత్రం 0-1 వేరియబుల్స్ (0 లేదా 1 మాత్రమే అయ్యే, అవును-కాదు తేల్చే విలువలు) తప్పవు, లెక్క బాగా బరువెక్కుతుంది.