గిరిజన చట్టాలు చదవబోతున్న మాధవికి

చిరంజీవి మాధవికి బాబాయి ఆశీస్సులు.

ఎల్‌ఎల్‌ఎంలో గిరిజన హక్కుల మీద పరిశోధన చేస్తున్నావని తెలిసి చాలా సంతోషించానమ్మా. ఇన్నేళ్లు కోర్టుల్లో తిరిగినవాడిగా ఒక్క మాట గట్టిగా చెప్తాను: తీర్పు సారాంశం దగ్గర ఆగిపోకు, మూలం దాకా వెళ్లు.

1997 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పే చూడు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు గనుల లీజుకి ఇవ్వకూడదందని అందరూ రాస్తారు. ఆ మాట షెడ్యూల్డ్ ప్రాంతాల పాలన గురించి చెప్పే రాజ్యాంగం ఐదో షెడ్యూలు నుంచి, ఆ ప్రాంతాల్లో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం మూడో సెక్షన్ నుంచి ఎలా వచ్చిందో పేరా పేరా పట్టుకుని చూడు. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకరు ఒప్పుకోలేదు. ఆయన రాసింది రెండుసార్లు చదువు, నీ వాదనలో బలహీనత ఎక్కడుందో తెలుస్తుంది.

1/70 కూడా ఒంటరిగా పుట్టలేదు. 1959 నాటి భూబదిలీ నిబంధనలు, 1963లో అవి తెలంగాణకు రావడం, 1970 సవరణ, ఆ వరసలోనే చదవాలి. ఇంకా వెనక్కి వెళ్తే నిజాం కాలం. అప్పటి రికార్డుల్లో వాడిన ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే సుమారుగా మన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో పాత ఫైళ్లు చూడాలంటే ఉర్దూ చదవడం రావాలి, ఇప్పుడే మొదలుపెట్టు. మాసాబ్‌ట్యాంక్ గిరిజన పరిశోధన సంస్థకూ వెళ్లు.

విదేశీ తీర్పులూ చదువు. అదే 1997 డిసెంబర్‌లో కెనడా సుప్రీంకోర్టు, డెల్గముక్ కేసులో, ఆదివాసుల మౌఖిక చరిత్రకు సాక్ష్యంగా తగిన విలువ ఇవ్వాలంది. కానీ దాన్ని తెచ్చి ఆదిలాబాద్‌కు అతికించకు. మన అటవీ హక్కుల చట్టం నిబంధనల్లోనే పెద్దల వాంగ్మూలం రాతలో ఉంటే ఆధారంగా తీసుకోవచ్చని ఉంది. దాని నుంచి మొదలుపెట్టు.

గోండుల తగవులు వాళ్ల సంప్రదాయ పంచాయతీ అయిన రాయిసెంటర్‌లో ఎలా తీరతాయో పుస్తకంలో దొరకదు, వెళ్లాలి. ముందు రాయిసెంటర్ పెద్ద సార్‌మేడినీ గూడెం పెద్ద పటేల్‌నూ అనుమతి అడుగు. వద్దంటే ఫోన్‌లో రికార్డు చేయకు. భూమి గొడవ నడుస్తున్నవాళ్ల పేర్లు రాయకు, అవి రేపు ఎవరి చేతికి వెళ్తాయో తెలియదు. నువ్వు రాసినది తెలుగులో కుదించి, గోండి తెలిసినవాళ్ల సాయంతో వాళ్లకు చదివి వినిపించు. తప్పుంటే వాళ్లు దిద్దుతారు. యూనివర్సిటీకి సమర్పించే ముందే ఈ పని చెయ్యి.

ఆశీస్సులతో,
మీ బాబాయి,
హైదరాబాద్