మైనర్ లీగ్‌లో ఆడి మేనేజర్ కావాలంటున్న అబ్బాయి

ప్రశ్న: మాది గుంటూరు. ఇరవయ్యేళ్లుగా టెక్సాస్‌లోని ఆలెన్‌లో ఉంటున్నాం. ఇక్కడే పుట్టిన మా అబ్బాయికి ఇప్పుడు 17 ఏళ్లు. చిన్నప్పటి నుంచి ఐస్ హాకీ ఆడుతున్నాడు. ఇక్కడి అగ్రశ్రేణి హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్ (నేషనల్ హాకీ లీగ్) స్థాయికి చేరలేనని తనే చెబుతున్నాడు. దాని కింది స్థాయి అయిన మైనర్ లీగ్‌లో కొన్నేళ్లు ఆడి, ఆ తర్వాత కోచ్‌గానో మేనేజర్‌గానో స్థిరపడతానంటున్నాడు. లెక్కల్లో చురుకైనవాడు కాబట్టి కంప్యూటర్ సైన్స్‌లో చేర్చమని బంధువులు అంటున్నారు. అసలు ఇది బతుకుదెరువు అవుతుందా? దయచేసి చెప్పండి.

జవాబు: నమస్కారమండీ. ఎన్‌హెచ్‌ఎల్ తనకు అందదని 17 ఏళ్ల వయసులో మీ అబ్బాయి గ్రహించి, ఆ మాట ఇంట్లో చెప్పగలిగాడంటే, దాన్ని ఓటమిగా భావించకండి. ఆటగాడి సత్తాను ఉన్నదున్నట్టుగా అంచనా కట్టడమే మేనేజర్ పనిలో సగం. ఇది నిజమైన వృత్తే. అయితే దారి పొడవైనది, మొదటి పదేళ్లలో రాబడి తక్కువ. ఆ రెండూ తెలిసి అడుగు వేస్తే తప్పులేదని నా అభిప్రాయం.

ఇందుకు జారెడ్ బెడ్నార్ జీవితాన్ని మీ అబ్బాయితో కలిసి కాస్త శ్రద్ధగా చూడండి. కెనడాలోని సస్కచెవాన్‌లో 1972లో పుట్టిన ఈయన డిఫెన్స్ ఆటగాడు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆడిన కాలమంతా మైనర్ లీగ్‌లలోనే గడిచింది. అందులో ఎక్కువ భాగం, ఎన్‌హెచ్‌ఎల్‌కు రెండు మెట్లు కిందనున్న ఈసీహెచ్‌ఎల్ అనే లీగ్‌లోని సౌత్ కరోలినా స్టింగ్రేస్ జట్టులో గడిపి, 1997లోనూ 2001లోనూ ఆ లీగ్ కెల్లీ కప్ గెలిచారు. 2002లో ఆట మానేయగానే అదే జట్టులో సహాయ కోచ్‌గా చేరి ఐదేళ్లు పనిచేశారు. ఆ తర్వాత ప్రధాన కోచ్‌గా 2009లో మళ్లీ కెల్లీ కప్ గెలిపించారు. అక్కడి నుంచి ఒక మెట్టు పైనున్న అమెరికన్ హాకీ లీగ్‌కు వెళ్లి, ఊళ్లు మారుతూ, ఒక జట్టులో ప్రధాన కోచ్‌గా చేశాక మరో జట్టులో తిరిగి సహాయ కోచ్‌గా చేరడానికి కూడా వెనుకాడకుండా పనిచేశారు. 2016లో లేక్ ఈరీ మాన్‌స్టర్స్‌కు ఆ లీగ్ కాల్డర్ కప్ తెచ్చిపెట్టారు. అదే ఏడాది ఆగస్టులో, శిక్షణ శిబిరానికి కొద్ది వారాల ముందు, ఎన్‌హెచ్‌ఎల్‌లోని కొలరాడో అవలాంచ్ ఆయనను ప్రధాన కోచ్‌గా నియమించింది. మొదటి సీజన్‌లో 82 మ్యాచ్‌లకు గెలిచింది 22, వచ్చిన పాయింట్లు 48, లీగ్ మొత్తంలో ఆఖరి స్థానం. యాజమాన్యం ఆయనను తొలగించలేదు. మరుసటి ఏడాదే జట్టు ప్లేఆఫ్స్‌కు చేరింది, 2022లో ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచింది. సహాయ కోచ్‌గా మొదలుపెట్టిన నాటి నుంచి లెక్కిస్తే ఆ కప్పుకు 20 ఏళ్లు పట్టింది. మీ అబ్బాయి గమనించవలసింది ఆ ఇరవయ్యేళ్లనే.

ఇక పని ఎలా ఉంటుందంటే, ఈసీహెచ్‌ఎల్ జట్లలో చాలాచోట్ల ప్రధాన కోచే ఆటగాళ్ల ఎంపిక, ఒప్పందాలు, జీతాల పరిమితి లెక్కలు కూడా చూసుకుంటారు. శనివారం రాత్రి విచిటాలో మ్యాచ్ ముగించుకుని ఆలెన్‌కు తిరిగివచ్చే బస్సును ఊహించుకోండి. వెనక కుర్రాళ్లందరూ నిద్రలో ఉంటారు. ముందు సీట్లో కోచ్ ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఆనాటి వీడియోను ముక్కలు చేస్తుంటాడు. ఇంతలో పై లీగ్ జట్టు నుంచి ఫోన్ వస్తుంది, తమ ఆటగాడికి గాయమైంది కాబట్టి మీ మంచి ఫార్వర్డ్‌ను రేపే పంపమని. శుక్రవారం మ్యాచ్‌లోపు ఆ స్థానంలోకి ఎవరిని తేవాలి, వారానికి ఎంత ఇవ్వగలం, ఏ అపార్ట్‌మెంట్‌లో ఉంచాలి, ఇవన్నీ ఆ చీకట్లోనే తేల్చుకోవాలి. లెక్కల్లో చురుకైన మీ అబ్బాయికి ఆ తెలివి ఇక్కడ అక్కరకు రాకపోదు.

డబ్బు విషయం దాచకుండా చెబుతాను. ఈ స్థాయి ఆటగాడికి జీతం వారానికోసారి, అదీ అక్టోబరు నుంచి వసంతం దాకా సాగే సీజన్‌లోనే ఉంటుంది. బస జట్టే చూసుకుంటుంది కానీ, వేసవిలో వేరే పని వెతుక్కోక తప్పదు. పైగా ఎన్‌హెచ్‌ఎల్, దాని కింది రెండు లీగ్‌లు కలిపి చూసినా ప్రధాన కోచ్ పదవులు వందకు లోపే. తలకు, మోకాలికి తగిలే దెబ్బల భయం కూడా ఉంది.

అందుకే డిగ్రీ విషయంలో మాత్రం రాజీపడవద్దు. ఇప్పుడు ఎన్‌హెచ్‌ఎల్ జట్టు వాషింగ్టన్ క్యాపిటల్స్ కోచ్‌గా ఉన్న స్పెన్సర్ కార్బరీ మొదట అలాస్కా యాంకరేజ్ విశ్వవిద్యాలయం తరఫున ఆడి, తర్వాతే మైనర్ లీగ్‌లకు వచ్చారు. ఈయన కూడా ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడినవారు కారు. 2011లో స్టింగ్రేస్ ప్రధాన కోచ్ అయ్యేనాటికి ఆయనకు ముప్పై ఏళ్లు నిండలేదు. ఆ తర్వాత మూడు లీగ్‌లలోనూ ఉత్తమ కోచ్ పురస్కారం అందుకున్నారు. కెనడా మేజర్ జూనియర్ జట్లలో (పదహారు నుంచి ఇరవయ్యేళ్ల కుర్రాళ్లు ఆడే పైస్థాయి జట్లు) ఆడినవారికి ఒకప్పుడు అమెరికా కాలేజీ హాకీ తలుపులు మూసి ఉండేవి. 2025 ఆగస్టు నుంచి ఆ నిబంధన మారింది కాబట్టి కాలేజీ జట్లలో చోటుకు పోటీ బాగా పెరిగింది. ముందుగానే కాలేజీ కోచ్‌లకు ఉత్తరాలు రాయడం, మార్కులు నిలబెట్టుకోవడం అవసరం. చదువుకు స్టాటిస్టిక్స్ గాని, బిజినెస్ గాని ఎంచుకోమనండి. కంప్యూటర్ సైన్స్ మీద నిజంగా ఇష్టముంటే అదీ మంచిదే. ఇప్పుడు ప్రతి పెద్ద జట్టుకూ వీడియో, గణాంకాల విభాగాలున్నాయి.

మీ అబ్బాయి అక్కడే పుట్టాడు కాబట్టి వీసా చిక్కు లేదు. ఇది చదివే ఇతర తల్లిదండ్రులు మాత్రం, హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలు జీతం తీసుకుని ఆడరాదని, 21 ఏళ్లు నిండితే ఆ హోదా కూడా పోతుందని గుర్తుంచుకోవాలి.

మీ ఊళ్లోనే ఆలెన్ అమెరికన్స్ ఉంది. 2015, 2016 సంవత్సరాల్లో వరుసగా కెల్లీ కప్ గెలిచిన జట్టు. టికెట్ కొని వెళ్లినప్పుడు మీ అబ్బాయిని పక్‌ను (కర్రతో కొట్టే రబ్బరు బిళ్లను) కాకుండా బెంచీని చూడమనండి, ఎవరిని ఎప్పుడు మార్చారో, ఎందుకు మార్చి ఉంటారో పుస్తకంలో రాసుకోమనండి. యూఎస్ఏ హాకీ దశలవారీగా ఇచ్చే కోచింగ్ ధ్రువపత్రాల్లో మొదటిది వయసు రాగానే పూర్తిచేయమనండి. ఈ వేసవిలో మీకు దగ్గరి రింకులో చిన్నపిల్లల శిబిరానికి సహాయకుడిగా పంపండి. డబ్బు ఇవ్వకపోయినా ఫరవాలేదు. ఒక సాయంత్రం మీరు కూడా వెళ్లి ఓ మూల కూర్చోండి. పడిపోయి ఏడుస్తున్న ఎనిమిదేళ్ల పిల్లవాణ్ని లేపి, కర్ర ఎలా పట్టుకోవాలో విసుగులేకుండా మూడోసారి, నాలుగోసారి చెబుతున్నాడో లేదో చూడండి. ఆ తర్వాత మళ్లీ రాయండి, కాలేజీల జాబితా అప్పుడు కలిసి తయారుచేద్దాం.