అమెరికాలో లాభాపేక్ష లేని సంస్థలు రాష్ట్ర చట్టసభల్లో లాబీయింగ్ చేయవచ్చా?

చేయవచ్చు, 501(సి)(3) హోదా, అంటే సేవా సంస్థలకు పన్ను మినహాయింపు ఇచ్చే చట్ట విభాగం కింద గుర్తింపు ఉన్న సంస్థ కూడా ఫలానా బిల్లును ఆమోదించమనో ఆపమనో రాష్ట్ర శాసనసభ్యులను అడగవచ్చు, కాకపోతే అది సంస్థ పనిలో పెద్ద భాగం కాకూడదు. పన్ను మినహాయింపు ఇచ్చింది సేవ కోసం కాబట్టి ఆ హద్దు.

'పెద్ద భాగం' అంటే ఎంత అన్న టెన్షన్ వద్దనుకుంటే పన్ను శాఖ ఐఆర్ఎస్‌కు 5768 ఫారం పంపి, లాబీయింగ్‌కు పెట్టే ఖర్చును బట్టి హద్దు తేల్చే 1976 నాటి పద్ధతికి మారవచ్చు. చర్చిలకు మాత్రం ఈ వీలు లేదు. ఉదాహరణకు, సేవా కార్యక్రమాలకు ఏడాదికి 5 లక్షల డాలర్లు ఖర్చయ్యే ఆశ్రయ కేంద్రం అద్దె ఇళ్ల బిల్లు కోసం అందులో 20 శాతం, అంటే లక్ష డాలర్ల దాకా వాడుకోవచ్చు. ఆ లక్షలో "మీ శాసనసభ్యుడికి ఫోన్ చేయండి" అని జనాన్ని కదిలించడానికి 25 వేలకు మించకూడదు.

చాలామంది లాబీయింగ్‌నూ ఎన్నికల ప్రచారాన్నీ ఒకటే అనుకుంటారు. అభ్యర్థికి మద్దతివ్వడాన్ని 1954 నాటి చట్టసవరణ పూర్తిగా నిషేధించింది. అక్కడ ఒక్క డాలరు కూడా కుదరదు. ఈ గందరగోళంతోనే కొన్ని సంస్థలు బిల్లుల మీదా నోరు మెదపవు, నష్టపోయేది వాటిని నమ్ముకున్నవాళ్లు. లాబీయిస్టుల నమోదు నియమాలు మాత్రం రాష్ట్రానికో తీరు, అవి విడిగా చూసుకోవాలి.