సంగీత సందేహాలు: ఒక్క గిటార్ ముందు కూర్చునేటప్పుడు

ప్రశ్న: నేను విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాను. చిన్నతనంలో కొన్నేళ్లు వీణ నేర్చుకున్నాను. కచేరీ ఉందంటే ఇప్పటికీ తుమ్మలపల్లి కళాక్షేత్రానికి వెళ్లకుండా ఉండలేను. త్వరలో ఇంగ్లండులో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వెళ్తున్నాను. అక్కడ డెబ్భై ఏళ్లు దాటిన ఒక ఫోక్ రాక్ గిటారిస్టు, పక్కవాద్యాలేమీ లేకుండా, రెండు వందల మంది పట్టే హాల్లో పాడుతున్నాడని వాడు టికెట్లు కొని ఉంచాడు. అంత పేరున్న మనిషి అంత చిన్న హాల్లో ఎందుకు పాడుతున్నాడు? ఒక్క గిటార్‌తో రెండు గంటలంటే విసుగు పుట్టదా? నేను వినవలసింది ఏమిటో చెప్పండి.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, మీరు వీణ నేర్చుకున్నవారు కాబట్టి ఈ సంగీతానికి సగం దారి ముందే నడిచి ఉన్నారు. మిగిలిన సగం తెలియాలంటే ఆ పాటలు ఎక్కడి నుంచి వచ్చాయో కొంచెం చెప్పాలి.

ఫోక్ రాక్, అంటే జానపద పాటకు రాక్ వాద్యాలను జోడించే సంగీతం, అనే మాట 1965 ప్రాంతంలో అమెరికాలో వాడుకలోకి వచ్చింది. ఆ ఏడాది జూలైలో న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో, జానపద గాయకుడిగా పేరున్న బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుని వేదిక ఎక్కినప్పుడు శ్రోతల్లో కొందరు కేకలు వేసి నిరసన తెలిపారు. ఇంగ్లండులో ఈ సంగీతం పట్టిన దారి వేరు. 1967లో లండన్‌లో ఏర్పడిన ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ అనే బృందం మొదట్లో అమెరికన్ ధోరణి పాటలే ఎక్కువగా పాడేది. 1969 మే నెలలో ఒక కచేరీ ముగించుకుని తిరిగి వస్తుండగా వారి వ్యాను ప్రమాదానికి గురైంది. పందొమ్మిదేళ్ల డ్రమ్మర్ మార్టిన్ లాంబుల్ ఆ ప్రమాదంలో మరణించాడు. బతికి బయటపడినవారు ఆ దుఃఖం నుంచి తేరుకుని, అదే ఏడాది ఇంగ్లండు, స్కాట్లండు పల్లెల్లో తరతరాలుగా పాడుకున్న పాత కథాగేయాలను ఎలక్ట్రిక్ గిటార్, డ్రమ్స్, ఫిడేలుతో కలిపి పాడడం మొదలుపెట్టారు. అప్పటికి ఆ బృందపు గిటారిస్టు రిచర్డ్ థాంప్సన్ వయసు ఇరవై ఏళ్లు. ఈ రోజు మనం బ్రిటిష్ ఫోక్ రాక్ అంటున్న సంగీతానికి ఆ ఏడాదే పునాది పడింది.

ఆ కథాగేయాల్లో ప్రభువులు, పరభార్యల ప్రేమలు, పగలు, హత్యలు, మనుషులను ఎత్తుకుపోయే యక్షిణులు ఉంటారు. ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ అనే అమెరికన్ పండితుడు 19వ శతాబ్దం చివర వీటిలో 305 గేయాలను పాఠాంతరాలతో సహా సేకరించి అచ్చు వేయించాడు. పల్నాటి వీరుల కథ విని పెరిగిన మనకు ఈ లోకం పరాయిది కాదు. మాటలు పాత మాండలికంలో ఉంటాయి కనుక, మీ అబ్బాయిని అడిగి ఆ గిటారిస్టు తరచుగా పాడే రెండు మూడు పాటల కథలను ముందే తెలుసుకుని వెళ్లండి. కథ తెలిసి వింటే మీ దృష్టి మాటల వెంట పరుగెత్తక, వాద్యం మీద నిలుస్తుంది.

ఇక చిన్న హాలు సంగతి. హాలు చిన్నదైనంత మాత్రాన కళాకారుడి స్థాయి తగ్గిందని అనుకోకండి. ఆ దేశంలో ఈ సంగీతం పుట్టి పెరిగిందే చిన్న గదుల్లో. మద్యశాలల మేడమీది గదుల్లో వారానికొకసారి జానపద గాన సభలు జరిగేవి. లండన్ సోహోలో లే కజన్స్ అనే క్లబ్ ఒక భవనం నేలమాళిగలో ఉండేది. బర్ట్ జాన్ష్, జాన్ రెన్‌బోర్న్ వంటి గిటారిస్టులు 1960లలో అక్కడే శ్రోతలకు మోకాలి దూరంలో కూర్చుని వాయించారు. తరువాతి కాలంలో పెద్ద వేదికలు చూసినవారు కూడా చిన్న గదులను వదులుకోకపోవడానికి బలమైన కారణం ఉంది. పెద్ద మైదానంలో మీకు పాట మాత్రమే వినిపిస్తుంది. చిన్న హాల్లో చేయి కూడా వినిపిస్తుంది.

ఆ చేతిలోనూ ముందు బొటనవేలిని వినండి. నేను మీకు ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. వీణ మీద వాయించే నాలుగు తీగలు కాక, పక్కన మూడు తాళపు తీగలు ఉంటాయని, చిటికెన వేలు వాటిని మీటుతూ శ్రుతినీ లయనూ నిలబెడుతుందని మీకు తెలుసు. ఒంటరిగా పాడే ఫోక్ రాక్ గిటారిస్టుకు ఆ పని కుడిచేతి బొటనవేలు చేస్తుంది. బృందం ఉన్నప్పుడు డ్రమ్ములు, బాస్ గిటార్ మోసిన బరువంతా ఇప్పుడు మంద్ర తీగల మీద ఆ ఒక్క వేలు మోయాలి. పైతీగల మీద మిగతా వేళ్లు రాగాన్ని పలికిస్తాయి. గొంతు వాటి మధ్యన నడుస్తుంది. మొదటి రెండు పాటలూ పాటను పట్టించుకోకుండా ఆ బొటనవేలి నడకనే పట్టుకోండి. అది ఒకసారి చెవికి చిక్కిందంటే, ఒక్క గిటార్‌తో విసుగు పుడుతుందేమోనన్న మీ భయం దానంతటదే పోతుంది.

రాగాలాపన, నెరవు, స్వరకల్పన కోసం మాత్రం ఎదురుచూడకండి. ఎనిమిదో పదో చరణాల పాటలో వరుస మారదు. కల్పన అంతా చరణానికీ చరణానికీ నడుమ గిటార్ మీద జరుగుతుంది. ఖరహరప్రియ, హరికాంభోజి స్వరస్థానాలు మీకు అక్కడక్కడా తప్పక వినిపిస్తాయి, కానీ మన గమకం ఉండదు. గమకం లేదని నిరాశపడేవారిని నేను చూశాను. అటువంటివారికి నేను చెప్పేదొక్కటే, ఆ సంగీతంలో స్వరాన్ని వంచే పద్ధతి వేరేగా ఉంది. స్కాట్లండు తిత్తివాద్యం (బ్యాగ్‌పైప్) లోని చిన్న చిన్న అలంకార స్వరాలను తీగ మీదికి తెచ్చుకున్నవారు వాళ్లు.

ముందు వరుస దొరికినా కూర్చోవద్దు. చాలా హాళ్లలో గొంతు వచ్చే స్పీకర్లు వేదికకు రెండు పక్కలా, ముందువరుసను దాటి వినిపించేలా పెడతారు. మధ్యలో ముందు కూర్చున్నవారికి గిటార్ బాగా వినిపించి మాటలు పలచబడతాయి. మూడో నాలుగో వరుసలో, మధ్యకు కాస్త ఎడమగా కూర్చుంటే కుడిచేయి స్పష్టంగా కనిపిస్తుంది. పాట మధ్యలో ‘భళా’ అనడం, తొడ మీద వినిపించేలా తాళం వేయడం అక్కడ చేయరు. మెచ్చుకోలంతా పాట ముగిశాకే. మన మంగళం లాంటి ముగింపు కూడా ఉండదు. ఆయన నమస్కరించి లోపలికి వెళ్లిపోగానే లేవకండి. చప్పట్లు ఆగకపోతే మళ్లీ వచ్చి ఒకటి రెండు పాటలు పాడడం అక్కడ ఆనవాయితీ, చాలామంది తమకు అత్యంత ఇష్టమైన పాటను దాని కోసమే దాచి ఉంచుతారు.

ప్రశ్న: గిటార్ నేర్చుకుంటున్న విద్యార్థిని. బ్రిటిష్ ఫోక్ గిటారిస్టుల వీడియోలు చూస్తుంటే, దాదాపు ప్రతి పాటకూ ముందు మళ్లీ శ్రుతి చేసుకుంటున్నారు. ఎందుకు? పైగా ఒకరే వాయిస్తున్నా ఇద్దరు వాయిస్తున్నట్టు వినిపిస్తోంది. ఇది ఎలా సాధ్యం?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీకు నేర్పిన మామూలు శ్రుతి ఇ, ఎ, డి, జి, బి, ఇ అయి ఉంటుంది. అందులో అన్నింటికన్నా మంద్రమైన తీగను, చివరి రెండు తీగలను ఒక్కో పూర్తి స్వరం మేర దించితే డి, ఎ, డి, జి, ఎ, డి అవుతుంది. ఈ శ్రుతిని 1960ల ఆరంభంలో గిటారిస్టుల్లోకి తెచ్చినవాడు డేవీ గ్రాహమ్. మొరాకోలో ఊద్ అనే అరబ్బు తంత్రీవాద్యం వాయించేవారి సంగీతంతో కలిసి వాయించేందుకు వీలుగా ఆయన దీన్ని కుదుర్చుకున్నాడని చెబుతారు. ‘డి’ని షడ్జమంగా తీసుకుని చూడండి: స, ప, స, మ, ప, స. తంబురా విన్న చెవికి ఇది ఎంత దగ్గరిదో వేరే చెప్పనక్కరలేదు. ఇంకొక విశేషం చూడండి, ఈ ఆరు తీగల్లో ఎక్కడా గాంధారం లేదు. పాశ్చాత్య సంగీతంలో మేజర్, మైనర్ అనే భేదాన్ని తేల్చేది గాంధారమే కనుక, అది లేని తీగలను వదిలి మీటినప్పుడు పాట ఎటూ మొగ్గకుండా నిలుస్తుంది. ఏ గాంధారం పలకాలో గొంతే నిర్ణయిస్తుంది. పాత కథాగేయాలు ఈ శ్రుతిలో అంత సహజంగా ఒదగడానికి కారణం ఇదే.

పాటను బట్టి శ్రుతి మారుస్తారు కనుక నడుమ మళ్లీ సరిచేసుకోక తప్పదు. ఒక తీగను దించితే గిటార్ మెడ మీద లాగుడు తగ్గి, తాకని తీగలు కూడా కాస్త కదులుతాయి. వేదిక దీపాల వేడి దానికి తోడవుతుంది. అనుభవజ్ఞులు ఆ సమయాన్ని వృథా పోనివ్వరు. శ్రుతి చేస్తూనే రాబోయే పాట కథ చెబుతారు, అందుకే అది ఆలస్యంగా కాక కచేరీలో భాగంగా తోస్తుంది.

ఒకరే ఇద్దరిలా వినిపించడానికి రెండు పద్ధతులు ఉన్నాయి. బొటనవేలితో మంద్ర తీగలు, మిగతా వేళ్లతో పైతీగలు మీటడం మొదటిది. బొటనవేలు, చూపుడువేలు కలిపి పిక్ (తీగ మీటే చిన్న పలక) పట్టుకుని దానితో కింది స్వరాలు వాయిస్తూ, ఖాళీగా ఉన్న మధ్యవేలు, ఉంగరపు వేలితో పైతీగలు లాగడం రెండోది. పైన చెప్పిన రిచర్డ్ థాంప్సన్ వాయించే తీరులో ప్రసిద్ధమైనది ఈ రెండోదే. మీరు మొదటి పద్ధతితోనే ఆరంభించండి. స, ప, స, మ, ప, స శ్రుతిలో ఆరో తీగ, నాలుగో తీగ రెండూ షడ్జమమే. బొటనవేలితో వాటిని ఒకదాని తరువాత ఒకటి, లయ చూపే మెట్రోనోమ్ పెట్టుకుని, ఏ ఆలోచనా లేకుండా చేయి దానంతటదే నడిచేదాకా మీటండి. ఆ నడక ఆగకుండా పక్కవారితో మాట్లాడగలిగినప్పుడే పైతీగలను ముట్టుకోండి. ఇందులో తొందరపడినవారి లయ ఎప్పటికీ స్థిరపడదు.

ప్రశ్న: వయసు మీద పడిన గాయకుడి గొంతు వినడానికి అంత ఖర్చు పెట్టడం సమంజసమేనా? మంచి వయసులో ఉన్నప్పుడు చేసిన రికార్డులు ఉండనే ఉన్నాయి కదా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: సమంజసమేనని నా గట్టి అభిప్రాయం. వయసుతో స్వరతంత్రుల సాగే గుణం తగ్గుతుంది, తారస్థాయి కుదించుకుపోతుంది, దీర్ఘశ్వాస నిలవదు. వేళ్ల వేగమూ కొంత తగ్గవచ్చు. వీటిని కాదనడం అబద్ధమవుతుంది. అయితే తెలివైన కళాకారుడు గిటార్ మెడకు బిగించే కేపోను ఒకటి రెండు మెట్లు గిటార్ తల వైపుకు జరిపి పాట శ్రుతిని తగ్గించుకుంటాడు. వేళ్ల అమరిక మారదు, కానీ మంద్ర తీగలు మరింత లోతుగా పలుకుతాయి. నేను విన్న ఒక కచేరీలో ఆ లోతు వల్లనే, రికార్డులో చురుకుగా పరుగెత్తిన పాట పూర్తిగా వేరే మనిషి కథలా వినిపించింది. ఇరవై ఏళ్ల కుర్రవాడు ముసలి తల్లి శోకాన్ని పాడితే అది గానం. డెబ్భై అయిదేళ్ల మనిషి అదే చరణాన్ని పాడినప్పుడు ఆ శోకానికి సాక్షి ఎదురుగా కూర్చుని ఉంటాడు. రికార్డు ఆ పని చేయలేదు.

గుంటూరు ప్రాంతం వారికి ఇది కొత్త విషయం కాకూడదు. పొన్నెకల్లులో పుట్టి 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ బుర్రకథ ఎటువంటి కళ? కథకుడే తంబుర మీటుతూ, అందెలతో తాళం వేస్తూ, పాడుతూ, అభినయిస్తూ, వచనంలో కథ నడుపుతాడు. అటువంటి కళ గొంతు ఒక్కదాని మీదే నిలబడదు. ఎక్కడ ఆపాలి, ఏ మాటను ఎంతసేపు పట్టి ఉంచాలి అన్న ఎరుక మీద నిలబడుతుంది. ఆ ఎరుక వయసుతో పెరుగుతుంది. మీకు అవకాశం ఉంటే రికార్డును ముందురోజు ఒకసారి విని, మర్నాడు హాలుకు వెళ్లండి.

ప్రశ్న: ఇటువంటి చిన్న కచేరీలు మన విజయవాడలో పెట్టుకోగలమా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: నిస్సందేహంగా పెట్టుకోగలం. వందమంది కూర్చోగల గది, గొంతుకు ఒక మైకు, గిటార్‌లో ధ్వనిని పట్టే పికప్ నుంచి మిక్సర్‌కు ఒక తీగ, రెండు మధ్యరకం స్పీకర్లు ఉంటే చాలు. మన దగ్గర అసలు సమస్య సీలింగు ఫ్యాన్ల రొద. బొటనవేలు మీటే మంద్ర స్వరాలను ముందుగా మింగేసేది అదే. ఏసీ లేని గదైతే డిసెంబరు, జనవరి నెలల్లో, సాయంత్రం ఏడు దాటాక పెట్టుకోండి. ఫ్యాన్లు ఆపినా జనం కూర్చోగలుగుతారు. జనరేటరును గది గోడకు ఆనించి పెట్టవద్దని నిర్వాహకులకు ముందే చెప్పండి.