టెక్ సందేహాలు: అప్లై చేసిన ఉద్యోగాల లెక్క తప్పుతోందా?

ప్రశ్న: బీటెక్ పూర్తయింది. టెస్టింగ్ ఉద్యోగాల కోసం నౌకరీ, లింక్డ్‌ఇన్, కంపెనీల కెరీర్ పేజీల్లో అప్లై చేస్తున్నాను. గూగుల్ షీట్స్‌లో ప్రతి కంపెనీ ఎదురుగా స్టేటస్ రాసుకుంటున్నాను. ఇంటర్వ్యూ దాకా ఎన్ని వెళ్లాయో కౌంట్‌ఇఫ్ (ఒక మాట ఎన్ని సెల్స్‌లో ఉందో లెక్కపెట్టే ఫార్ములా)తో తీస్తే, నాకు గుర్తున్న దానికన్నా తక్కువ చూపిస్తోంది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మీ ఫార్ములా సరిగ్గానే ఉండి ఉంటుంది. చిక్కంతా స్టేటస్ కాలమ్‌తోనే. ఒక కంపెనీ పిలవగానే అక్కడ ‘ఇంటర్వ్యూ’ అని రాస్తారు. వారం తర్వాత కుదరదన్నారని దాన్ని చెరిపి ‘రిజెక్ట్’ అని మారుస్తారు. అంతే, మీరు ఇంటర్వ్యూకి వెళ్లిన సంగతే షీట్‌లో లేకుండా పోయింది. ఎంతో కష్టపడి అక్కడిదాకా వెళ్లారు, అది లెక్కలో ఉండాల్సిందే.

స్టేటస్‌ని చూసుకోవడానికి ఉంచుకోండి. లెక్కకు మాత్రం నాలుగు తేదీల కాలమ్‌లు పెట్టండి: డి కాలమ్‌లో అప్లై చేసిన రోజు, ఇ కాలమ్‌లో కాల్ వచ్చిన రోజు, ఎఫ్‌లో ఇంటర్వ్యూ, జిలో ఆఫర్. జరగనిదాన్ని ఖాళీగా వదిలేయండి. రాసిన తేదీని ఎప్పుడూ చెరపకండి. ఇప్పుడు ఇ కాలమ్‌లోని తేదీల కౌంట్‌ని డి కాలమ్ కౌంట్‌తో భాగిస్తే ఎంత శాతానికి కాల్ వచ్చిందో తెలుస్తుంది. ఎఫ్‌ని ఇతో భాగిస్తే కాల్స్‌లో ఎంత శాతం ఇంటర్వ్యూ దాకా వెళ్లాయో వస్తుంది.

ఒక్క జాగ్రత్త. షీట్ లొకేల్ (తేదీలను ఏ దేశపు పద్ధతిలో చదవాలో చెప్పే సెట్టింగ్) యునైటెడ్ స్టేట్స్ అని ఉంటే 25/08 అని కొట్టినదాన్ని తేదీగా గుర్తించదు, కౌంట్‌లో కలపదు. 05/08ని అయితే మే 8 అనుకుంటుంది. ఫైల్ మెనూలో సెట్టింగ్స్‌కి వెళ్లి లొకేల్‌ని ఇండియాకి మార్చండి. మార్చాక కూడా ఏదైనా తేదీ సెల్‌లో ఎడమవైపుకి అతుక్కుని ఉంటే, షీట్ దాన్ని మామూలు అక్షరాలుగానే చూస్తోందన్నమాట. దాన్ని మళ్లీ కొట్టండి.

చాలామంది శాతం చూసుకుని బెంగపడేది ఇంకో కారణంతో. 60 చోట్ల అప్లై చేస్తే 6 కాల్స్ వచ్చాయనుకోండి, అది 10 శాతం. ఆ 60లో 25 ఈ వారం పెట్టినవైతే వాటికి జవాబు రావడానికి ఇంకా టైమే చాలలేదు. వాటిని పక్కనపెట్టి మిగిలిన 35 మీద లెక్కిస్తే 17 శాతం. కాబట్టి కనీసం మూడు వారాలు దాటినవాటినే ఫిల్టర్ చేసి శాతం తీయండి.

ఇక ‘ఎక్కడి నుంచి’ అని మరో కాలమ్ కలిపి, నౌకరీ, లింక్డ్‌ఇన్, కంపెనీ సైట్, రిఫరల్ అని డ్రాప్‌డౌన్ పెట్టుకోండి. ఇన్సర్ట్ మెనూలోని పివోట్ టేబుల్ (వరుసలను గుంపులుగా చేసి లెక్కచెప్పే పట్టిక)తో ఏ దారిలో కాల్స్ వస్తున్నాయో విడివిడిగా కనిపిస్తుంది. కాల్సే రాకపోతే రెజ్యూమె, ఎంచుకుంటున్న ఉద్యోగాలు చూసుకోవాలి. కాల్స్ వచ్చి ఇంటర్వ్యూల్లో ఆగిపోతుంటే రెజ్యూమెను రోజూ మార్చడం టైమ్ వేస్ట్, ప్రిపరేషన్ మీద కూర్చోండి. ఇంటర్వ్యూలు రెండు మూడే అయినప్పుడు మాత్రం శాతాలు తీసి టెన్షన్ పడకండి. అంత తక్కువ సంఖ్య మీద ఏదీ తేల్చలేం. దానికి బదులు ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయారో అదే వరుసలో రాసుకోండి.

ప్రశ్న: కాల్ వచ్చేసరికి ఆ ఉద్యోగ ప్రకటన సైట్‌లో ఉండటం లేదు. ఏం అడిగారో గుర్తుండటం లేదు.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: గడువు అయిపోగానే చాలా కంపెనీలు ప్రకటన తీసేస్తాయి. అప్లై చేసేముందే క్రోమ్‌లో కంట్రోల్, పి నొక్కి ‘సేవ్ యాజ్ పీడీఎఫ్’ ఎంచుకోండి. ఆ ఫైల్‌నీ, పంపిన రెజ్యూమెనూ గూగుల్ డ్రైవ్‌లో ఒకే ఫోల్డర్‌లో పెట్టి, లింక్‌ని షీట్‌లో ఆ కంపెనీ వరుసలో అతికించండి. ఫోన్‌లో షీట్స్ యాప్ ఉంటే హెచ్ఆర్ లైన్‌లో ఉండగానే తెరిచి చూసుకోవచ్చు.